కోత వద్దన్న శబ్దం

రొమ్ములో చేతికి తగిలే గడ్డల్లో చాలావాటికి కత్తితో పనిలేదు. దేన్ని వదిలేయవచ్చో, దేన్ని వదలకూడదో ఒంటిమీద గీటు పడకుండా తేల్చే పనిని వైద్యులు చెవికి వినపడని శబ్దానికి అప్పగించారు. డెబ్బై ఏళ్లలో ఆ శబ్దం ఏం నేర్చుకుంది? ఇంకా ఏం నేర్చుకోవాలి?

స్నానం చేస్తుంటేనో, బిడ్డకు పాలిస్తుంటేనో, జాకెట్టు హుక్కు పెట్టుకుంటుంటేనో చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని కొందరు ఊరుకుంటారు. నొప్పి లేకపోవడమే అనుమానమై మరికొందరికి నిద్ర పట్టదు. ఇంట్లో ఎవరికి చెప్పాలో తోచక వారాలు గడుస్తాయి. చివరికి అక్క చెవినో వదిన చెవినో వేసి, తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ చేత్తో తడిమి చూసి చీటీ రాసిస్తుంది: రొమ్ము స్కానింగ్.

ఆ చీటీ పట్టుకున్న మనిషి మనసులో ఉండేది ఒకే ప్రశ్న: క్యాన్సరేనా? స్కానింగ్ గదిలో రేడియాలజిస్టు వేసుకునే ప్రశ్న మాత్రం వేరు: ఇది క్యాన్సర్ కాదని పూచీ పడగలనా? అనుమానం ఉందని రాయడం ఏ డాక్టరుకైనా తేలికే. ముక్క తీసి పరీక్షకు పంపితే సరిపోతుంది. 'ఏం లేదమ్మా, కోయక్కర్లేదు, ఇంటికి వెళ్లండి' అనడానికే గుండె దిటవు కావాలి. ఆ దిటవుకు వెనక లెక్కలు ఉండాలి. రొమ్ము అల్ట్రాసౌండ్ కథంతా ఆ 'కాదు' అనే మాటను సంపాదించుకున్న కథే.

మత్తులోనే తీర్పు

ఆ మాట లేని రోజుల్లో ఎలా ఉండేదో తెలియాలంటే 1974 సెప్టెంబరు 28కి వెళ్లాలి. అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ భార్య బెట్టీ ఫోర్డ్‌ను ఆ రోజు బెథెస్డా నౌకాదళ ఆస్పత్రిలో ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. రెండు రోజుల ముందు మామూలు వైద్య పరీక్షలో కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. మత్తిచ్చి గడ్డ తీశారు. ఆమె మత్తులో ఉండగానే ఆ ముక్కను బాగా చల్లబరిచి, పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. క్యాన్సర్ అని తేలింది. అదే మత్తులో రొమ్ము తొలగించారు.

దేశ ప్రథమ మహిళ కాబట్టి ఇలా చేశారనుకోనక్కర్లేదు. అప్పట్లో అందరికీ అదే పద్ధతి. గడ్డ ఎలాంటిదో తెలుసుకోవడం, రొమ్ము తీసేయడం ఒకే మత్తులో జరిగిపోయేవి. అనుమతి పత్రం మీద ముందే సంతకం పెట్టి మత్తులోకి జారుకునే స్త్రీకి, కళ్లు తెరిచేసరికి రొమ్ము ఉంటుందో ఉండదో తెలిసేది కాదు. గడ్డ మంచిదని తేలినవాళ్లకు కూడా ఆపరేషన్ ముందు రాత్రంతా ఆ భయం తప్పేది కాదు.

దీన్ని ఎదిరించిన మనిషి రోజ్ కుష్నర్. మేరీల్యాండ్‌లో ఉండే ఈ పాత్రికేయురాలికి 1974లోనే రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ముందు గడ్డ తీసి ఏమిటో చెప్పండి, తర్వాత ఏం చేయాలో నేను ఆలోచించుకుంటాను అంది. ఒప్పుకునే సర్జన్ కోసం ఆమె చాలామంది దగ్గరికి తిరగాల్సి వచ్చింది. బెట్టీ ఫోర్డ్ ఆపరేషన్‌కు ముందు శ్వేతసౌధానికి ఫోన్ చేసి ఈ మాట చేరవేయాలని కూడా చూసింది. ఫలించలేదు. కానీ ఊరుకోలేదు; పుస్తకం రాసింది, సభల్లో మాట్లాడింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల మండలిలో ఆమెకూ చోటిచ్చారు. పరీక్ష వేరు, చికిత్స వేరు, రెంటికీ మధ్య వ్యవధి ఉండాలని ఆ మండలి తేల్చింది.

తెలుసుకోవడం ముందు, చేయడం తర్వాత. ఈ వరస ఖాయమయ్యాక, కోయకుండా తెలుసుకునే దారులకు విలువ పెరిగింది. అలాంటి దారి ఒకటి అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా ముందే మిన్నెసోటా రాష్ట్రంలో మొదలై ఉంది.

యుద్ధం మిగిల్చిన యంత్రం

ఇంగ్లండ్‌లో 1914లో పుట్టిన జాన్ జూలియన్ వైల్డ్ సర్జన్. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, పేగులు ఉబ్బి కదలిక ఆగిపోయిన రోగులకు వైద్యం చేశాడు. పేగు గోడ ఎంత మందంగా ఉందో తెలిస్తే ఎవరికి ఏం చేయాలో తేల్చుకోవచ్చు. కడుపు కోయకుండా కొలిచేదెలా? యుద్ధం ముగిశాక ఆ ప్రశ్నతోనే మిన్నెసోటాలోని మినియాపొలిస్ చేరాడు. అక్కడి నౌకాదళ విమాన స్థావరంలో రాడార్ వాడకం నేర్పే శిక్షణ యంత్రం ఒకటుంది. అది 15 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌తో నడిచేది. వైల్డ్ దాన్ని అడిగి వాడుకున్నాడు.

మందం కొలవబోయిన వైల్డ్‌కు వెతకనిది దొరికింది. క్యాన్సర్ ఉన్న కణజాలం నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఆరోగ్యంగా ఉన్నదాని నుంచి వచ్చేదానికి భిన్నంగా ఉంది. అంటే, మందమే కాదు, స్వభావం కూడా శబ్దానికి తెలుస్తోందన్నమాట. 1950లో జాన్ రీడ్ అనే యువ ఇంజనీరు ఆయనకు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి, చేత్తో పట్టుకుని ఒంటిమీద జరిపితే తెరమీద బొమ్మ గీసే పరికరం తయారుచేశారు. బతికున్న మనిషి ఒంటిమీద దాన్ని మొదట పెట్టి చూసిన చోట్లలో రొమ్ము ఒకటి. చర్మానికి దగ్గరగా ఉంటుంది, అడ్డంగా ఎముక లేదు, గాలి లేదు. 1952లో 'సైన్స్' పత్రికలో వారి వ్యాసం వెలువడింది. ఇవాళ కడుపులో బిడ్డను చూసే స్కానింగ్‌కు ఉన్న పూర్వీకుల్లో ఈ రొమ్ము పరికరం కూడా ఉందని చాలామందికి తెలియదు.

ఆలోచన ముందే వచ్చింది, యంత్రం దాన్ని అందుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటి బొమ్మలు ముతకగా ఉండేవి. 1980లలో కూడా చాలామంది వైద్యులు రొమ్ము అల్ట్రాసౌండ్‌ను ఒక్క పనికే నమ్మేవారు: గడ్డలో నీరుందా, గట్టి పదార్థం ఉందా అని చూడటానికి. గట్టిగా ఉంటే కోతే. వైల్డ్‌కు 1991లో ప్రతిష్ఠాత్మకమైన జపాన్ ప్రైజ్ వచ్చింది. ఆయన మొదట చెప్పిన మాటను, అంటే గట్టి గడ్డల్లో కూడా మంచి చెడ్డలు తెలుస్తాయన్న మాటను, లెక్కలతో నిలబెట్టిన పని ఆ తర్వాత నాలుగేళ్లకు బయటికొచ్చింది.

సెకనులో లక్షల వంతు

స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి తల వెనక్కి పెట్టమంటారు. చల్లటి జెల్ రాస్తారు. చర్మానికీ, శబ్దాన్ని పంపే ప్రోబుకూ మధ్య కాస్త గాలి ఉన్నా శబ్దం లోపలికి పోకుండా వెనక్కి తిరుగుతుంది. ఆ గాలిని తరిమేయడానికే జెల్. ప్రోబు కొసన సన్నటి స్ఫటికాల వరస ఉంటుంది. కొన్ని పదార్థాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని జాక్, పియర్ క్యూరీ అన్నదమ్ములు 1880లో కనిపెట్టారు. తిరగేస్తే, విద్యుత్తు ఇచ్చినప్పుడు అవి కంపిస్తాయి. ఆ కంపనమే శబ్దం.

మనిషి చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల వరకే వినగలదు. రొమ్ము ప్రోబు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ యాభై లక్షల కంపనాల దాకా పలుకుతుంది. ఒంట్లోని మెత్తటి కణజాలంలో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుందన్న లెక్క యంత్రంలో ముందే ఉంటుంది. రెండు సెంటీమీటర్ల లోతునున్న గడ్డను తాకి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు ఇరవై ఆరు చాలు. ఎంత సేపట్లో తిరిగొచ్చింది, ఎంత గట్టిగా తిరిగొచ్చింది అన్న రెండు సంగతులనూ యంత్రం తెరమీద చుక్కలుగా మారుస్తుంది. కంపనాలు పెరిగినకొద్దీ బొమ్మ నాణ్యంగా వస్తుంది కానీ శబ్దం లోతుకు పోలేదు. లోతైన కడుపును చూడాలంటే బొమ్మ కొంత ముతకబారినా తక్కువ కంపనాలు వాడక తప్పదు. రొమ్ముకు ఆ ఇబ్బంది లేదు. మిల్లీమీటరులో పదో వంతు తేడాలు కూడా అందులో పట్టుబడతాయి.

ఎక్స్‌రే లేదు, రేడియేషన్ లేదు. గర్భిణి అయినా, బాలింత అయినా బెంగ పడనక్కర్లేదు. ముప్పై ఏళ్ల లోపు వారికి గడ్డ తగిలితే మొదటి పరీక్షగా అల్ట్రాసౌండే చేయమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. నలభై దాటితే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్ ముందు, దానికి తోడుగా ఇది.

మంచి గడ్డ, చెడ్డ గడ్డ

తెరమీద నల్లగా, నున్నటి అంచుతో, దాని కింద మాత్రం తెల్లగా వెలుగుతున్న మచ్చ కనిపిస్తే రేడియాలజిస్టుకు సగం బరువు దిగినట్టే. అది నీటి తిత్తి. నీటిలో శబ్దానికి అడ్డేమీ ఉండదు కాబట్టి లోపల నలుపు. శబ్దం బలం తగ్గకుండా దాటిపోతుంది కాబట్టి అడుగున వెలుగు. ఇలాంటి మామూలు నీటి తిత్తికి సూది కూడా అక్కర్లేదు.

గట్టి గడ్డ అయితే చూపు నిదానిస్తుంది. పడుచు వయసు ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. వేలితో నొక్కితే జారిపోతుంది. తెరమీద కోలగా, చర్మానికి సమాంతరంగా పడుకుని, చుట్టూ పలచటి గీతతో కనిపిస్తుంది. క్యాన్సర్ తీరు వేరు. రొమ్ములోని కొవ్వు, పాలగ్రంథులు, నాళాలు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. మంచి గడ్డ తన పొరలోనే పక్కలకు పెరుగుతుంది. చెడ్డది గట్లు తెంపుకుని పొలం మీద పడ్డ వరద నీరు. పొరల్ని లెక్కచేయకుండా నిలువునా పోతుంది. అందుకే తెరమీద వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా కనిపించడం చెడ్డ గుర్తు. అంచులు మొనలు తేలి ఉంటాయి, లేదా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా కలిసిపోతాయి. క్యాన్సర్ తన చుట్టూ పీచులాంటి కణజాలాన్ని పోగేసుకుంటుంది. ఆ పీచు శబ్దాన్ని మింగేస్తుంది. కాబట్టి దాని కింద వెలుగుకు బదులు నీడ పడుతుంది.

ఈ గుర్తులన్నింటినీ ఒక పద్ధతిలో పెట్టిన రేడియాలజిస్టు థామస్ స్టావ్‌రోస్. అప్పట్లో కొలరాడోలో పనిచేసిన ఆయన బృందం 750 గట్టి గడ్డలను పరీక్షించి, బయాప్సీకి (ముక్క తీసి చేసే పరీక్షకు) ముందే ఏది ఎలాంటిదో రాసిపెట్టుకుంది. ఫలితాలు 1995లో 'రేడియాలజీ' పత్రికలో వచ్చాయి. 750లో 625 గడ్డలు మంచివే. క్యాన్సర్ ఉన్నవి 125. వాటిలో 123ను అల్ట్రాసౌండ్ అనుమానించింది. ఇక మంచివని తేల్చిచెప్పిన 424 గడ్డల్లో పొరపాటు పడింది రెండింటి విషయంలోనే. 'కాదు' అన్న మాట నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్లు నిలిచింది.

ఆ అంకె వెనకున్న క్రమశిక్షణను గమనించాలి. స్టావ్‌రోస్ పద్ధతిలో మొదట వెతకాల్సింది చెడ్డ గుర్తుల్నే. ఒక్కటి కనిపించినా చాలు, మిగతావి ఎంత బాగున్నా గడ్డ బయాప్సీకి పోవాల్సిందే. చెడ్డ గుర్తు ఒక్కటీ లేదని తేలాకే మంచి గుర్తుల కోసం చూడాలి. అవీ పూర్తిగా కనిపిస్తేనే 'మంచిది' అన్న మాట. ఎటూ తేలకపోతే అనుమానానికే ఓటు. ఇన్ని గడపలు దాటిన తర్వాత వచ్చే 'కాదు' కాబట్టే దాన్ని నమ్మగలిగారు.

రిపోర్టు చివరి అంకె

రొమ్ము స్కానింగ్ రిపోర్టు అడుగున 'బైరాడ్స్' అని, పక్కన ఒక అంకె ఉంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తయారుచేసిన కొలమానం ఇది. మొదట మామోగ్రామ్‌కే ఉండేది. 2003లో అల్ట్రాసౌండ్‌కూ వచ్చింది. ఏ అంకెకు ఏమిటి అర్థం?

0: ఈ పరీక్షతో తేలలేదు. ఇంకో పరీక్ష కావాలి, లేదా పాత రిపోర్టులతో పోల్చాలి.
1: ఏమీ కనిపించలేదు.
2: కనిపించింది కానీ మంచిదే. మామూలు నీటి తిత్తి ఈ కోవలోనిదే.
3: దాదాపు మంచిదే. క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు పాళ్లకు మించదు. బయాప్సీ వెంటనే అక్కర్లేదు, ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్.
4: అనుమానం ఉంది, బయాప్సీ చేయాలి. ఇందులో మూడు మెట్లు: 4ఏ అంటే నూటికి రెండు నుంచి పది, 4బి అంటే పది నుంచి యాభై, 4సి అంటే యాభై నుంచి తొంభై అయిదు.
5: క్యాన్సర్ అయ్యే అవకాశం తొంభై అయిదుకు పైనే. బయాప్సీ తప్పదు.
6: బయాప్సీలో క్యాన్సర్ అని ఇప్పటికే తేలింది.

నాలుగు అన్న అంకె చూసి నాలుగో స్టేజీ అనుకుని కుప్పకూలేవారున్నారు. స్టేజీకీ దీనికీ సంబంధం లేదు. 4ఏ అని రాసిన గడ్డల్లో నూటికి తొంభైకి పైగా మంచివే అవుతాయి.

గట్టిదనం, నెత్తురు దారులు

ఆ 4ఏ దగ్గరే అసలు చిక్కు. నూరు మందికి సూది గుచ్చితే పది మందిలో కూడా క్యాన్సర్ ఉండదు. మిగతా తొంభై మందికి సూదినీ, రిపోర్టు వచ్చేదాకా పడే యాతననూ తప్పించలేమా? గడిచిన ముప్పై ఏళ్ల పరిశోధన చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదటి దారి గట్టిదనాన్ని కొలవడం. క్యాన్సర్ గడ్డ రాయిలా ఉంటుందన్నది చేత్తో చూసే వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. చేతికి తెలిసిన ఆ సంగతిని బొమ్మగా మార్చవచ్చని 1991లో హ్యూస్టన్‌లో జోనథన్ ఓఫిర్ బృందం చూపించింది. ప్రోబుతో కొద్దిగా నొక్కాలి. మెత్తటి భాగం అణుగుతుంది, గట్టిది అణగదు. ఆ తేడాను తెరమీద రంగులుగా చూపిస్తారు. దీని పేరు ఎలాస్టోగ్రఫీ. జపాన్‌లో ఆ రంగులను చూసి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసే పద్ధతి వచ్చింది. తర్వాత పారిస్‌లో మథియాస్ ఫింక్ ప్రయోగశాల ఇంకో అడుగు వేసింది. చేత్తో నొక్కే పనిలేకుండా శబ్దంతోనే లోపల ఒక చిన్న కుదుపు పుట్టించి, ఆ కుదుపు పక్కలకు ఎంత వేగంగా పాకుతోందో కొలిచారు. గట్టి చోట వేగం ఎక్కువ. నొక్కే చెయ్యి మారితే బొమ్మ మారే బాధ దీంతో చాలావరకు తగ్గింది.

రెండో దారి నెత్తురు. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి, దానికోసం కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుంది అని జుడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించాడు. హడావిడిగా పుట్టిన ఆ నాళాలు వంకరటింకరగా, చిక్కుపడి, లెక్కకు మించిన కొమ్మలతో ఉంటాయి. రక్తం పారడాన్ని చూపే మామూలు డాప్లర్ స్కానింగ్‌కు సన్నటి నాళాలు అందవు. మిన్నెసోటాలోనే, రాచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో అజ్రా అలీజాద్, మొస్తఫా ఫతేమి బృందం ఈ పని పట్టుకుంది. నరంలోకి ఎలాంటి మందూ ఎక్కించకుండా అతి సన్నటి నాళాలను అల్ట్రాసౌండ్‌తో బొమ్మకట్టి, వాటి వంకరలనూ కొమ్మలనూ కంప్యూటర్‌తో కొలుస్తోంది. అంచుల్ని చూసి ఎటూ తేల్చలేకపోయిన గడ్డ గురించి దాని నాళాలు ఏం చెబుతాయన్నదే వీరి అన్వేషణ.

మూడోది కృత్రిమ మేధ. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2,88,767 పరీక్షల్లోని 54 లక్షలకు పైగా అల్ట్రాసౌండ్ బొమ్మలతో ఒక వ్యవస్థకు శిక్షణ ఇచ్చి, పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. దాని సాయం తీసుకున్నప్పుడు రేడియాలజిస్టుల తప్పుడు అనుమానాలు 37 శాతం, బయాప్సీ సిఫార్సులు దాదాపు 28 శాతం తగ్గాయి. క్యాన్సర్లను పట్టుకోవడంలో మాత్రం వెనకబడలేదు. ఇక్కడా లాభమంతా 'కాదు' వైపే.

శబ్దానికి అందనివి

ఇంత చెప్పాక దీని లోట్లు కూడా చెప్పాలి. పాలనాళాల లోపలే ఉండిపోయిన తొలిదశ క్యాన్సర్ కొన్నిసార్లు ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలుగానే బయటపడుతుంది. అవి మామోగ్రామ్‌లో స్పష్టంగా కనిపిస్తాయి, అల్ట్రాసౌండ్‌లో తరచూ తప్పిపోతాయి. అందుకే నలభై దాటినవారికి స్కానింగ్ చేశాం కదా, మామోగ్రామ్ ఎందుకు అనడం కుదరదు.

రెండోది మరీ మోసకారి. ట్రిపుల్ నెగెటివ్ అనే ఉద్ధృతమైన రకం కొన్నిసార్లు నున్నటి అంచులతో, గుండ్రంగా, అచ్చం ఫైబ్రోఅడినోమా వేషంలో కనిపిస్తుంది. భారతీయ స్త్రీల రొమ్ము క్యాన్సర్లలో ఈ రకం వాటా పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ. గడ్డ వారాల్లో పెరుగుతుంటే, ఇంట్లో తల్లికో అక్కకో ఈ జబ్బు వచ్చి ఉంటే, తెరమీది బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా డాక్టరు సూది వైపే మొగ్గు చూపాలి.

మూడోది అనవసరపు భయం. అమెరికాలో వెండీ బర్గ్ నేతృత్వంలో ముప్పు ఎక్కువగా ఉన్న 2,637 మంది మీద జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. మామోగ్రామ్‌కు అల్ట్రాసౌండ్ కలిపితే ప్రతి వెయ్యి మందిలో అదనంగా నలుగురి క్యాన్సర్ బయటపడింది. అది చిన్న సంగతి కాదు. కానీ మామోగ్రామ్ చెప్పిన బయాప్సీల్లో నూటికి దాదాపు ఇరవై మూడింట్లో క్యాన్సర్ ఉంటే, అల్ట్రాసౌండ్ చెప్పినవాటిలో తొమ్మిదింట్లోనే ఉంది. గడ్డ తగిలినవారిలో అంత నమ్మకంగా 'కాదు' అనే పరీక్షే, ఏ లక్షణమూ లేనివారందరికీ చేస్తే 'ఏమో' అనడం ఎక్కువవుతుంది. పైగా ప్రోబు పట్టుకున్న చెయ్యి, తెరను చూసే కన్ను ఎంత పండితే ఫలితం అంత పండుతుంది.

కాబట్టి సూదికి సెలవు ఇంకా రాలేదు. 'అవును' అన్న మాట ఖాయం కావాలంటే ముక్క పరీక్ష తప్పదు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. పైగా ఆ సూదికి దారి చూపించేది కూడా అల్ట్రాసౌండే. ఆ చోటు మటుకు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, తెరమీద సూది కొన గడ్డలోకి దిగడం చూస్తూ, సన్నటి ముక్కలు తీస్తారు. కుట్లు పడవు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు.

మన గడపలో

భారతదేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 98 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. మన దగ్గర ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకన్నా సగటున పదేళ్లు ముందే వస్తోంది. వయసు తక్కువైతే రొమ్ము కణజాలం చిక్కగా ఉంటుంది. చిక్కటి కణజాలం మామోగ్రామ్‌లో తెల్లగా కనిపిస్తుంది, క్యాన్సరూ తెల్లగానే కనిపిస్తుంది. తెలుపులో తెలుపు వెతకాలి. అల్ట్రాసౌండ్‌లో ఆ కణజాలం తెల్లగా, గడ్డ నల్లగా ఉంటుంది.

ఈ తేడా తెలియక నష్టపోయిన అమెరికన్ మహిళ నాన్సీ కపెల్లో. ఏటా మామోగ్రామ్ చేయించుకునేవారు, ఏటా బాగుందనే చెప్పేవారు. అలాంటి ఒక రిపోర్టు వచ్చిన కొద్ది వారాలకే డాక్టరు చేతికి గడ్డ తగిలింది. మళ్లీ మామోగ్రామ్‌లో ఏమీ లేదు, అల్ట్రాసౌండ్‌లో కనిపించింది. అప్పటికే చంకలోని గ్రంథులకు పాకింది. మీ రొమ్ము కణజాలం చిక్కగా ఉందని ముందే ఎందుకు చెప్పలేదని ఆమె పోరాడితే, 2009లో కనెక్టికట్ రాష్ట్రం ఆ సంగతి స్త్రీలకు తెలపడం తప్పనిసరి చేసింది. 2024 సెప్టెంబరు 10 నుంచి అమెరికా అంతటా అదే నిబంధన. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన అమ్మాయిలకు మామోగ్రామ్ తర్వాత వచ్చే ఉత్తరంలో ఆ వాక్యం ఉంటుంది. చదివి పక్కన పెట్టకుండా, నాకు అల్ట్రాసౌండ్ కావాలా అని డాక్టరును అడగాల్సింది ఆ వాక్యం చూశాకే. మామోగ్రామ్‌కు అల్ట్రాసౌండ్ కలిపితే మేలా అన్న ప్రశ్నను జపాన్ దేశవ్యాప్తంగా పరీక్షించింది. నలభైల్లో ఉన్న 72,998 మందిని రెండు జట్లు చేసి చూస్తే, మామోగ్రామ్ ఒక్కటే నూటికి 77 క్యాన్సర్లను పట్టుకోగా, అల్ట్రాసౌండ్ కలిస్తే 91 దొరికాయి.

అలాగని ఊరూరా స్కానింగ్ యంత్రాలు తిప్పడం మన దేశంలో కుదిరే పని కాదు. ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా గోడమీద ఒక బోర్డు ఉంటుంది, ఇక్కడ లింగ నిర్ధారణ చేయరు అని. ఆడపిల్లలను కడుపులోనే తుడిచేసే దారుణాన్ని ఆపడానికి 1994లో చట్టం తెచ్చారు, 2003లో ఇంకా బిగించారు. పిండాన్ని చూడగల ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రం నమోదు కావాలి. చేత్తో మోసుకెళ్లే యంత్రాల మీద ఆంక్షలు మరీ ఎక్కువ. రొమ్ము చూడటానికే కొన్నాం అన్నా నిబంధనలు అవే. ఆ చట్టం అవసరం తీరిపోలేదు, సడలించమనడం తేలిక కాదు. కాబట్టి పల్లెలో మొదటి పరీక్ష చెయ్యే కావాలి. ఆ చెయ్యి పనిచేస్తుందని ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు చూపించారు. లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు నడిచిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. అలా పరీక్షించిన జట్టులో యాభై దాటినవారి రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు ముప్పై శాతం తగ్గాయి.

చెయ్యి గడ్డను కనిపెట్టాలి, స్కానింగ్ దాన్ని జల్లెడ పట్టాలి, సూది తేల్చాలి. ముప్పై దాటిన స్త్రీలకు అయిదేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం కాగితం మీద ఉండనే ఉంది. ఏఎన్‌ఎం చేతికి గడ్డ తగిలిన స్త్రీ ఎన్నాళ్లకు జిల్లా ఆస్పత్రి స్కానింగ్ గదికి చేరుతోంది, అక్కడినుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో ఎన్నాళ్లకు చేరుతోంది అన్నదే మనం లెక్కపెట్టాల్సింది. గడ్డతో వచ్చిన మనిషికి అరవై రోజుల్లోపు అదేమిటో తేల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గురి పెట్టింది. యంత్రాలు ఎంత నాణ్యమైనవైనా, ఈ అరవై రోజుల్లో అందకపోతే ఆ నాణ్యత ఎవరికీ అక్కరకు రాదు.

అడగాల్సినవి మూడు

స్కానింగ్ గదినుంచి బయటికి వచ్చే స్త్రీ మూడు మాటలు అడిగి తెలుసుకోవాలి. రిపోర్టులో అంకె ఎంత? దానికి తర్వాత చేయాల్సింది ఏమిటి? ఎప్పటిలోగా? పాత రిపోర్టులు, బొమ్మలు దాచుకోవాలి. గడ్డ పెరిగిందా లేదా అన్నది పోల్చితేనే తెలుస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మూడు అంకె దగ్గర. 'దాదాపు మంచిదే' అన్న మాట వినగానే గుండె తేలికపడుతుంది, ఆరు నెలల తర్వాతి తేదీ మరుగున పడుతుంది. పొలం పనులు, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. కానీ రేడియాలజిస్టు ఆ మాట అన్నది ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ చూస్తానన్న లెక్కతోనే. ఆ తేదీకి వెళ్లినవారికే ఆ 'కాదు' వర్తిస్తుంది. వెళ్లనివారి చేతిలో ఉన్నది సగం చేసిన పరీక్ష.